పని పక్కన పేరు

ఆ ఎండాకాలం మా తమ్ముడు ఇంటర్వ్యూకి వేసుకెళ్లిన చొక్కా నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే ఆ ముక్క ముందే చెప్పేసి, మిగతాది తర్వాత చెబుతున్నాను.

అప్పటికి తొమ్మిదేళ్లుగా నేను ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తున్నాను. ఆసుపత్రి అనగానే అందరికీ డాక్టర్లు, నర్సులు, మందుల వాసన గుర్తొస్తాయి. నాలుగు వందల మంచాల మీద రోజూ మారే బెడ్‌షీట్లు ఎవరికీ గుర్తురావు. అవన్నీ సంచుల్లో కట్టి నేలమాళిగకి, మా దగ్గరికి పంపేవారు. అక్కడ పన్నెండుమంది ఆడవాళ్లం, ఆరు ఉతికే మెషిన్లు, రెండు ఆరబెట్టే మెషిన్లు, గది పొడవునా ఒక రోలర్ ఇస్త్రీ. కూర్చోవడానికి ఒక్క స్టూలు కూడా లేదు. ఎండాకాలం వస్తే మాతో పాటు గోడలకి కూడా చెమటలు పట్టేవి. నాన్న నడుం దెబ్బతిని ఇంట్లో కూర్చున్నాక మా ఇల్లూ, తమ్ముడి ఇంజనీరింగ్ చదువూ ఆ నేలమాళిగలోంచే నడిచాయి.

తమ్ముడి చదువు పూర్తయి రెండేళ్లయింది. ఉద్యోగం రాలేదు. చెడ్డవాడని నేననను. మధ్యాహ్నం దాకా పడుకునేవాడు, లేచాక లాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరెవరో ఆడుతున్న ఆటలు చూసేవాడు. ఇంట్లో వాణ్ణి పల్లెత్తు మాట అనేవాళ్లు లేరు. వాడి నిద్ర చెడుతుందని అమ్మ కుక్కర్ కూత పెట్టేలోపే స్టవ్ తగ్గించేది. నేను మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడు లేచానో, ఎప్పుడు వెళ్లానో అడిగినవాళ్లు లేరు.

ఒకరోజు ఆసుపత్రి నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. ఆడవాళ్లకి ఉచితంగా కోడింగ్ నేర్పుతాం, పన్నెండు ఆదివారాలు, ఎంత చదివారన్నదానితో పని లేదు అని రాసి ఉంది. ఎవడో దాని కింద పెన్నుతో పళ్లికిలిస్తున్న బొమ్మ గీశాడు. పక్కన గరిట కూడా గీశాడు. నిజం చెప్పాలంటే కోడింగ్ అంటే ఏమిటో నాకప్పుడు తెలీదు. ఆ గరిట చూసి రోషం వచ్చి వెళ్లాను.

క్లాసు ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో జరిగేది. ఆదివారం క్లినిక్‌కి సెలవు కాబట్టి హాలు వాడుకోమన్నారట. నడక నేర్చుకునేవాళ్లు పట్టుకునే రెండు కడ్డీల మధ్య మడత కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. మొదటి ఆదివారం పద్నాలుగు మంది వచ్చాం, చివరికి తొమ్మిది మంది మిగిలాం. కేకుల మీద క్రీముతో పేర్లు రాసే బేకరీ అమ్మాయి నా పక్కన కూర్చునేది. నేర్పే మేడమ్ వారమంతా ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని చేసి, ఉన్న ఒక్క సెలవు రోజూ మాకోసం వచ్చేది. తను నేర్చుకున్న రోజుల్లో ముప్పై మంది ఉన్న గదిలో తనొక్కతే ఆడదట. సందేహం అడిగితే మిగతా తలలన్నీ వెనక్కి తిరిగేవట. ఎవరు కంగారుపడినా "నిదానం, నిదానం" అనేది కాబట్టి మేమంతా ఆవిడకి నిదానం మేడమ్ అని పేరు పెట్టుకున్నాం.

నాకు ఆ పని పట్టుబడింది. ఎందుకు పట్టుబడిందో కూడా చెబుతాను. తప్పు రాస్తే కంప్యూటర్ తప్పని చెబుతుంది, ఎన్నో లైన్లో తప్పో చూపిస్తుంది. ఎవరి కూతురివి, ఎంతవరకు చదివావు, ఎక్కడ పని చేస్తావు అని అడగదు. సరిగ్గా రాస్తే నోరు మూసుకుని పని చేసి పెడుతుంది. మనుషుల్లో అంత మర్యాద నేనెక్కడా చూడలేదు.

మేడమ్ పద్ధతి ఒకటుండేది. రాసిన పని ఎప్పటికప్పుడు క్లాసు వాళ్లందరూ చూడగలిగే చోటికి పంపాలి. పంపిన ప్రతిసారీ ఆ రోజు ఏం మార్చామో ఒక్క వాక్యంలో రాయాలి. ఆ వాక్యం పక్కన పంపినవాళ్ల పేరు, మెయిలు అడ్రసు, టైము దానంతటదే పడుతుంది. ఆఫీసుల్లో కూడా ఇంతేనట. ఎవరి పని ఏదో రేపు ఎవరూ వాదించుకోనక్కర్లేదు అని మేడమ్ చెప్పింది.

మా ఇంట్లో ఉన్నది తమ్ముడి లాప్‌టాప్ ఒక్కటే. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా నేను వాడుకోవచ్చని ఒప్పుకున్నాడు. ఆ టైములో వాడికి దాంతో పనేముంది. ఒక్క షరతు పెట్టాడు, సెట్టింగులు ముట్టుకోకూడదని. మొదటి వారం ఒక సాయంత్రం పక్కన కూర్చుని ప్రోగ్రామ్ ఎలా నడపాలో చూపించాడు కూడా. ఉన్నమాట చెప్పాలి కదా.

మూడో ఆదివారం మేడమ్ మా అందరి పనీ గోడ మీద పెద్దగా వేసి చూపించింది. నా వాక్యాలన్నిటి పక్కనా తమ్ముడి పేరు ఉంది. లాప్‌టాప్ వాడిది, కాలేజీలో వాడు పెట్టుకున్న పేరే దానంతటది పడుతోంది. అందరూ ఘొల్లున నవ్వారు. మగవేషం ఎప్పుడు కట్టావు లాండ్రీ అక్కా అని బేకరీ అమ్మాయి అడిగింది. నేనూ నవ్వాను. సెట్టింగ్ మార్చుకోమని మేడమ్ చెప్పింది. ఇంటికెళ్లి తమ్ముణ్ణి అడిగితే, మారిస్తే తన కాలేజీ ప్రాజెక్టులు గల్లంతవుతాయన్నాడు. పేరుదేముందక్కా, చేసింది నువ్వని నీకు తెలుసుగా అన్నాడు. మరుసటి ఆదివారం మేడమ్‌కి చెబితే, తనే ఒకసారి కూర్చుని చూస్తానంది. ఆవిడకి సాయంగా వచ్చే వలంటీర్లు ఇద్దరూ ఆ వారం రాలేదు, తొమ్మిది మందికీ ఆవిడొక్కతే. చూద్దాం, చూద్దాం అంటూ వారాలు గడిచాయి. ఎవరి పేరుంటే ఏమిటి, పని జరుగుతోంది కదా అనుకోవడం నాకు లాండ్రీలో అంటుకున్న జబ్బు.

నేను చేసిన ప్రోగ్రామ్ గురించి చెప్పాలి. మాతో పాటు పెద్దక్క అని ఒకావిడ ఇరవై రెండేళ్లు పని చేసింది. అంతకుముందు చలికాలంలో ఆమెని దొంగ అని పంపించేశారు. నలభై బెడ్‌షీట్లు తగ్గాయని, చివరికి లెక్కపెట్టి కట్టలు కట్టేది ఆవిడే కాబట్టి ఆవిడే తీసిందని తేల్చారు. అసలు సంగతేమిటంటే, వాడిన షీట్లని ఎవరూ విప్పి లెక్కపెట్టరు, రోగాలంటుకుంటాయని. సంచితో సహా తూకం వేస్తారు. ఒక షీటు ఇంత బరువు కాబట్టి ఈ సంచిలో ఇన్ని ఉన్నాయని పైన రాసుకుంటారు. ఉతికి ఇస్త్రీ అయ్యాక మేం లెక్కపెడితే ఆ అంకె రావాలి. కానీ ప్రసూతి వార్డు షీట్లు ఎప్పుడూ పొడిగా రావు. రక్తంతో, నీళ్లతో ముద్దగా వస్తాయి. తడి బరువుని కూడా షీట్లుగా రాసుకుంటే, లేని షీట్లు ఉన్నట్టు కాగితం మీద పుడతాయి. ఆ నలభై షీట్లూ అలా పుట్టినవే. ఈ ముక్క నేలమాళిగలో పన్నెండుమందికీ తెలుసు. పైకెళ్లి చెబితే, లెక్కల సంగతి మేం చూసుకుంటాం మీరు వెళ్లి ఉతకండి అన్నారు.

నేను యాభై రోజులు ప్రతి సంచి బరువూ, ఉతికాక వచ్చిన షీట్ల సంఖ్యా చీటీల మీద రాసి జాకెట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఏ వార్డు సంచిలో తడి ఎంతో ప్రోగ్రామ్‌తో తేల్చాను. ప్రసూతి వార్డు బరువులో మూడోవంతు నీళ్లే. అది తీసేస్తే తేడా మాయమైంది. ఆ రోజు తెల్లవారుజామున ఐదూ ఇరవైకి నేను రాసిన వాక్యం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ప్రసూతి వార్డు సంచి తడి. మూడోవంతు తీసేశాను. లెక్క సరిపోయింది. పెద్దక్క దొంగ కాదు."

ఆ సాయంత్రమే పెద్దక్క ఇంటికెళ్లి చెప్పాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎవరివో రెండు లంగాలకి కుట్లు వేస్తోంది. అంతా విని, ఇది పైవాళ్లకి తెలుసా అని అడిగింది. ఇంకా లేదన్నాను. అయితే నాకెందుకు చెబుతున్నావు, నేను తియ్యలేదని నాకు ముందే తెలుసు కదా అంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పదో ఆదివారం మేడమ్ ఒక కబురు తెచ్చింది. ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీ మా క్లాసులోంచి ఒకరిని ట్రైనీగా తీసుకుంటానందట. సర్టిఫికెట్లు అక్కర్లేదు, చేసిన పని చూసి పిలుస్తారట. మా తొమ్మిది మంది పనీ ఉన్న లింకు మేడమ్ పంపించేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఉద్యోగంలో కుర్చీ ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, నేను చెప్పిన మాట కింద నుంచి కాక పై నుంచి ఆసుపత్రికి చేరుతుంది. రోజూ ఫోన్ పక్కనే పెట్టుకుని కబురు కోసం చూశాను. రాలేదు.

పన్నెండో వారం, బుధవారం. తమ్ముడు ఏడింటికే లేచాడు. స్నానం చేసి, చొక్కా తెచ్చి, ఇస్త్రీ చేసి పెట్టమన్నాడు. ఇంటర్వ్యూ ఉందట. నా సంతోషం చూడాలి. రోజుకి ఎనిమిది వందల దిండు గలీబులు ఇస్త్రీ చేసే చేతులకి ఒక చొక్కా ఎంత. కాలరు, కఫ్‌లు, గుండీల పట్టీ, ఒక్క ముడత లేకుండా చేసి ఇచ్చాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఆనందబాష్పాలనుకున్నాను.

సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి అమ్మ పక్కింటివాళ్లకి మిఠాయి పంచుతోంది. తమ్ముడికి ఉద్యోగం దాదాపు ఖాయమట. సోమవారం పెద్దవాళ్ల ముందు ఏదో పని గురించి వివరించాలట, అది అవగానే కాగితం చేతికిస్తారట. ఏ కంపెనీరా అంటే, నీకు తెలీదులే అక్కా అని టీవీ వైపు తిరిగాడు. మర్నాడు లాండ్రీలో పదకొండుమందికీ చెప్పుకున్నాను, మా తమ్ముడు సాధించాడని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదివారం చివరి క్లాసు. అందరం తలా ఏదో చేసి తెచ్చుకున్నాం, బేకరీ అమ్మాయి కేకు తెచ్చింది. దాని మీద తొమ్మిది మంది పేర్లూ రాసింది. మేడమ్ నన్ను పక్కకి పిలిచింది.

"ఏంటండీ మీరు, నాకు ఒక్క మాట చెప్పరా? లాండ్రీ ప్రోగ్రామ్ చేసినవాళ్లనే తీసుకుంటున్నామని వాళ్లు నిన్న ఫోన్ చేశారు. బుధవారం ఇంటర్వ్యూ చాలా బాగా జరిగిందట కదా."

"బుధవారం నేను పనిలో ఉన్నాను మేడమ్" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను కేకు వైపు చూశాను. ఎవరో నవ్వుతూ కత్తి కోసం వెతుకుతున్నారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

మేడమ్ అక్కడికక్కడే ఆ కంపెనీ మేనేజరుకి ఫోన్ చేసి, నాకూ వినపడేలా పెట్టింది. ఆయన గొంతులో వీసమెత్తు తడబాటు లేదు. పని నచ్చింది, పక్కనున్న మెయిలు అడ్రసుకి రాశాం, ఆ అబ్బాయి వచ్చాడు అన్నాడు. క్లాసుకి వెళ్లేది వాళ్ల అక్కట, ఆవిడ హోంవర్కు తనే చేసి పెట్టేవాడినని చెప్పాడట. అతను ఇంజనీరు కాబట్టి తమకి ఆశ్చర్యం కలగలేదట.

మేడమ్ జరిగింది చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఆడవాళ్లకి సాయం చేయాలని మాకూ ఉంది మేడమ్. కానీ రికార్డులో ఉన్న పేరు అతనిదే. పేర్లు తర్వాత ఎవరైనా మార్చుకోవచ్చు. పని చేసినవాడు ఎదురుగా కూర్చుని ఉంటే, కాదని లాండ్రీలో పని చేసే ఆవిడని ఎలా నమ్మమంటారు?" అన్నాడు.

ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అదే నాకు ఎక్కువ మంట పుట్టించింది. తొమ్మిదేళ్లలో నన్ను తిట్టిన సూపర్‌వైజర్లని క్షమించగలను కానీ, ఆ మెత్తటి గొంతుని ఇప్పటికీ క్షమించలేను. మేడమ్ ఫోన్ పెట్టేసి, మూడో వారమే కూర్చుని మార్చాల్సింది, తప్పు నాది అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. సోమవారం పదింటికి తను సెలవు పెట్టి వస్తానని, నన్నూ రమ్మని అడిగింది. వస్తానన్నాను.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. తమ్ముడు బల్ల దగ్గర కూర్చుని నా వాక్యాలన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించుకుని బట్టీ పడుతున్నాడు. నేను చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాను. వాడు తలెత్తి చూసి, పెన్ను కింద పెట్టాడు.

"నేను అడగలేదక్కా. వాళ్లే రాశారు" అన్నాడు. "రెండేళ్లలో ఎన్ని చోట్లకి పంపానో నీకు తెలుసు. ఒక్కడంటే ఒక్కడు జవాబు రాయలేదు. మొదటిసారి ఒకళ్లు నా పేరుతో రాశారు. నేనేం చేయను?"

"నీది కాదని రాసి ఉండాల్సింది."

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆవిడకి బుధవారమే తెలుసు, నాన్నకీ తెలుసు. తెలియనిదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఏం కొంపలు మునిగాయని అలా నిలబడ్డావు, పక్కింటివాళ్లు ఎత్తుకుపోలేదు కదా, ఇంట్లోనే ఉంది కదా అంది. మగపిల్లాడు, రేపు నలుగురిలో తలెత్తుకు తిరగాలి, నీకేం, నీకు పనుంది అంది. నాన్న కుర్చీలోంచి కదలకుండా, తనేదో వరమిస్తున్నట్టు, వాడు కుదురుకుంటే నువ్వు ఆ చాకిరీ మానేసి హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు కదమ్మా అన్నాడు.

"ఇంట్లో కూర్చోడానికా నాన్నా, నేను నాలుగున్నరకి లేచింది?"

నిజానికి ఆ ప్రశ్న వాళ్లకి అర్థం కాలేదు. నేను నాలుగున్నరకి లేచానని అమ్మకి తెలుసు, ఎందుకు లేస్తున్నానో ఏనాడూ అడగలేదు. ఆ ఇంటికి తొమ్మిదేళ్లు నా రెక్కల కష్టం కావాల్సి వచ్చింది, దాన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఇప్పుడు తెల్లవారుజామున నేను దాచుకున్న రెండు గంటలు కూడా వాళ్లవే అయిపోయాయి.

కాసేపయ్యాక తమ్ముడు మెల్లగా నోటుబుక్కు నా వైపు తిప్పాడు. మిగతాదంతా వచ్చేసింది, ప్రసూతి వార్డుకి మూడోవంతు ఎందుకు తీశావో అదొక్కటి చెప్పక్కా, చాలు అన్నాడు. చిన్నప్పుడు ఎక్కాలు అడిగినట్టే అడిగాడు. వాడి ఎక్కాలు, వాడి వ్యాసాలు, కాలేజీ అప్లికేషన్లు, అన్నీ నా చేతి మీదుగానే అయ్యాయి. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు.

"పని నీదన్నావు కదరా. నీకే తెలియాలి" అన్నాను.

అమ్మ నన్ను ఎన్ని మాటలందో ఇక్కడ రాయను. కన్నతల్లి కాబట్టి ఊరుకుంటున్నాను.

సోమవారం ఉదయం తమ్ముడు ఒక బస్సులో, నేను ఇంకో బస్సులో వెళ్లాం. ఏడో అంతస్తులో అద్దాల గది. చల్లగా ఉంది. బల్లకి ఒకవైపు మేనేజరు, ఆయన పక్కన నెరిసిన జుట్టు పెద్దాయన ఒకరు, ఆయన కిందే ఈ పనులన్నీ నడుస్తాయట. ఎదురుగా తమ్ముడు. మేడమ్‌నీ నన్నూ చూసి మేనేజరు మొహం చిట్లించాడు. అంతలోనే సర్దుకుని, అక్కగారా, తమ్ముడి విజయం చూద్దామని వచ్చారన్నమాట, కూర్చోండి అని గోడ వారన కుర్చీలు చూపించాడు. మేడమ్ ఏదో అనబోతే, ముందు అబ్బాయిని చెప్పనివ్వండి, తర్వాత అందరి మాటా విందాం అన్నాడు పెద్దాయన.

గోడ మీద నా ప్రోగ్రామ్ వేశారు. నూట పన్నెండు వాక్యాలు, నూట పన్నెండుసార్లు తమ్ముడి పేరు. వాడు మొదలుపెట్టాడు. బాగానే చెప్పాడు, అబద్ధమెందుకు. నాకు రాని ఇంగ్లీషు మాటలు నాలుగు వేసి నాకన్నా బాగా చెప్పాడు. మేనేజరు మధ్యమధ్యలో పెద్దాయన వైపు గర్వంగా చూస్తున్నాడు. నేను ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. నేను కన్న బిడ్డని ఎవరో ఎత్తుకుని ముద్దు చేస్తుంటే చూస్తున్నట్టుంది.

పెద్దాయన ఒక లైను దగ్గర ఆపమన్నాడు. ప్రసూతి వార్డు సంచులకి మాత్రం మూడోవంతు ఎందుకు తగ్గించావు బాబూ అని అడిగాడు.

అది ఒక సర్దుబాటండీ అన్నాడు తమ్ముడు.

"ఎందుకు సర్దుబాటు? ఈ పక్కన, పెద్దక్క దొంగ కాదు అని రాశావు. ఎవరీ పెద్దక్క?"

తమ్ముడు నోటుబుక్కు తిరగేశాడు. అందులో లేదు. తలెత్తి నా వైపు చూశాడు. జవాబు నా నాలుక చివర ఉంది. అలవాటు కొద్దీ పెదవి విడివడింది కూడా. నేను పళ్లు బిగించి ఊరుకున్నాను. వాడి జీవితంలో నేను అందించని మొదటి జవాబు అదేననుకుంటాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కనడగండి" అన్నాడు చివరికి. "అది అక్కకే తెలుసు. మొత్తం అక్కదే."

మేనేజరు కుర్చీలో ముందుకి జరిగి ఏదో అనబోయాడు. పెద్దాయన ఆయన్ని చేత్తో ఆపి నా వైపు తిరిగాడు. "చెప్పండమ్మా" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "ముందు ఆ పేరు మార్చండి. తర్వాత చెబుతాను."

అదెంతసేపమ్మా, చిన్న విషయం, సాయంత్రం మార్పిస్తాం, ముందు మీరు చెప్పండి అన్నాడు మేనేజరు, అదే మెత్తటి గొంతుతో.

"చూద్దాం అన్న మాట నేను మూడో వారం నుంచీ వింటున్నానండి. చిన్న విషయమైతే ఇప్పుడే మార్చండి."

మేడమ్ అప్పటికే లేచి తన లాప్‌టాప్ తెరిచింది. పాత వాక్యాలన్నిటికీ పేరు మార్చాలంటే తమ్ముడి పాస్‌వర్డ్ కావాలి. వాడు ఎవరూ అడక్కుండానే వచ్చి, నిలబడే కొట్టాడు. కొట్టి, నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకుని గోడ వారన కుర్చీలో కూర్చున్నాడు. మొత్తం పది నిమిషాలు పట్టింది. పెద్దాయన గడియారం చూసుకోలేదు, ఆ ఒక్క సంగతికి ఆయనకి దణ్ణం పెట్టాలి. గోడ మీద పేర్లు మారాయి. నేను పైనుంచి కింద దాకా నూట పన్నెండూ చదివాను. తర్వాత, తడి సంచి గురించి, కాగితం మీద పుట్టిన నలభై షీట్ల గురించి చెప్పాను.

వానలు మొదలైన వారం నేను ఆ ఉద్యోగంలో చేరాను. మేనేజరు మొదటి రోజే వచ్చి, అంతా మంచికే జరిగింది కదమ్మా అన్నాడు. ఎవరి మంచికో నేనడగలేదు, ఉద్యోగం కొత్త.

అమ్మ మాత్రం ఆ వానాకాలమంతా నాతో మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టి పక్కకి తిరిగి నిలబడేది. ఇంటికి ఎవరొచ్చినా, కొడుకు నోటి దగ్గరికొచ్చిన కూడు కూతురు లాక్కుందని చెప్పేది. నేను మొదట్లో ఒకరిద్దరితో వాదించి, తర్వాత మానేశాను. ఒక ఆదివారం మేనత్త వచ్చింది. మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. అమ్మ అదే పాట మొదలుపెట్టింది. ఉద్యోగం వాడిదే వదినా, చేతిదాకా వచ్చింది, ఈవిడగారు వెళ్లి లాక్కుంది అని.

తమ్ముడు తింటున్నవాడల్లా ఆగాడు. "లాక్కోలేదమ్మా. అది నాది కాదు. పని అక్కది, నేనే అబద్ధం చెప్పాను" అన్నాడు. నాన్న ముందు, మేనత్త ముందు, స్పష్టంగా అన్నాడు.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి వాడి తల నిమిరింది. ఆవిడ కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి.

"చూశావా వదినా" అంది మేనత్తతో, "ఇంత జరిగినా అక్కని ఒక్క మాట పడనివ్వడు. నా కొడుకు మనసు అలాంటిది."

మేనత్త అవునవునని తలూపి, వాడి కంచంలో ఇంకొంచెం కూర వేసింది.